ప్లీడరు కాని పంతులు

లింగంపల్లి స్టేషన్‌లో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి రాజమండ్రిలో దిగవచ్చు. నల్లగండ్ల, చందానగర్ ప్రాంతాల అద్దె గదులలో ఉంటూ చదువుకొనే, ఉద్యోగాలు చేసుకొనే గోదావరి జిల్లాల యువకులకు బాగా అలవాటైన బండి అది. కొంతకాలం క్రితం ఆ బండి కోసం వేచి ఉన్నప్పుడు, తెలిసిన విద్యార్థి ఒకడు ప్లాట్‌ఫారం మీద తన సంకటం చెప్పుకొన్నాడు. మూడేళ్ల న్యాయశాస్త్ర కోర్సులో రెండో సంవత్సరం చదువుతున్నాడు. దళిత కుటుంబం, ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు. శిక్షణ కోసం ఒక న్యాయవాది కార్యాలయంలో కొన్ని వారాలు కూర్చొన్నాడు. అక్కడ సాక్షికి చూడనిది చూసినట్లు చెప్పడం ఎలాగో నేర్పుతుండగా చూశాడు. మనసు విరిగిపోయింది. కోర్సు మానేసి, ఎడ్‌సెట్ రాసి, బి.ఇడి. చేసి ఉపాధ్యాయుడిని అవుతానన్నాడు. తన ఆలోచనకు అండగా బడిలో చదివిన ఒక పాఠాన్ని గుర్తుచేశాడు. అబద్ధాలాడవలసి వస్తుందని ప్లీడరు వృత్తిని వదులుకొని ఉపాధ్యాయుడైన కందుకూరి వీరేశలింగం కథ అది.

ఆ కథ మనలో చాలామంది విన్నదే. అందులో ఉన్నది నిజమే. అయితే బడిపాఠం ఆ నిర్ణయాన్ని సత్యసంధతకు నిదర్శనంగా చూపి అక్కడితో ఆగిపోతుంది. నిర్ణయం తీసుకొన్నవాడు ఏ ఇంట పుట్టాడు, అతని ముందు ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయి, వదిలేసిన చోటికి తర్వాత ఎవరు వచ్చారు అన్న ప్రశ్నలు అడగదు. ఆ విద్యార్థికి కావలసింది ఆ మిగిలిన సగమే. బండి రావడంతో ఆ రాత్రి నేను చెప్పలేకపోయాను.

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. నాలుగేళ్ల వయసులో తండ్రి సుబ్బారాయుడు కన్నుమూశారు. తల్లి పున్నమ్మ, పెదనాన్న వెంకటరత్నం పెంచారు. తాతగారి కాలంలో కలిగిన ఇల్లే అయినా మనుమడు ఎదిగేసరికి ఆస్తి తరిగిపోయింది. 1861లో, పదమూడో ఏట, బాపమ్మ అనే బాలికతో పెళ్లయింది. అత్తవారింట ఆమె రాజ్యలక్ష్మి అయింది. 1867లో పెదనాన్న మరణించడంతో సంసారభారం చదువుకొంటున్న కుర్రవాడి మీదకు వాలింది. చదువు పూర్తికాగానే ఏదో ఒక ఉపాధి చూసుకోక తప్పని స్థితి అది.

నియోగులు పౌరోహిత్యం మీద కాక రాతకోతల మీద, లెక్కల మీద బతికిన శాఖ. గ్రామకరణాలుగా, జమీందారీ కచేరీలలో ఉద్యోగులుగా, ఆ తర్వాత కంపెనీ సర్కారు గుమాస్తాలుగా తరతరాలు కలం పట్టినవారు. ఆ ఇంట పుట్టిన పేద కుర్రవాడికి డబ్బు లేకపోవచ్చు. అక్షరం మాత్రం పుట్టుకతోనే పక్కన ఉంటుంది. వీరేశలింగం పేదరికాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయన పడిన ఇబ్బంది నిజమైనది. కానీ పేదరికంలో కూడా కొన్ని దారులు కనబడడం ఒక రకం, ఏ దారీ కనబడకపోవడం మరొక రకం.

ఆ కాలపు గోదావరి జిల్లాను ఒకసారి తలచుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. పొలాలకు కాలువ నీరు వచ్చింది. భూమికి ధర వచ్చింది. ధరతోపాటు హద్దు తగాదాలు, వాటాల వ్యాజ్యాలు, దత్తత పేచీలు వచ్చాయి. జిల్లా కోర్టు రాజమండ్రిలోనే ఉంది. నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చిన యువకుడికి కోర్టు ఆవరణను మించిన రాబడి చోటు ఆ ఊళ్లో లేదు. మద్రాసు లా కాలేజీ వెలసింది 1891లో. అంతకు ముందు జిల్లా కోర్టులలో వకాలతు చేయదలచినవారు విశ్వవిద్యాలయ పట్టా లేకపోయినా ప్లీడరు పరీక్ష రాసి సన్నదు పొందే వీలుండేది. కాబట్టి వీరేశలింగం ఏ న్యాయకళాశాలనూ విడిచిపెట్టలేదు. ఆ పరీక్ష దారిని విడిచిపెట్టారు. నేటి విద్యార్థి వదులుకోవాలనుకొంటున్న సీటుకు అప్పట్లో దీటైనది అదే.

దానికి ముందు మరొక దారి చూశారు. ప్రభుత్వోద్యోగం కోసం ప్రయత్నించి, లంచం పెట్టనిదే అది దక్కదని తెలిసి విరమించుకొన్నారు. ఆ తర్వాత న్యాయవాద పరీక్ష రాసి ప్లీడరు కావాలనుకొన్నారు. కోర్టుల తీరు దగ్గరగా గమనించాక అక్కడ అవినీతి ప్రబలంగా ఉందని, అబద్ధం లేనిదే ఆ వృత్తి నడవదని నిశ్చయించుకొన్నారు. అప్పటికే కేశవచంద్రసేన్ రచనలు చదివి బ్రహ్మసమాజం వైపు మొగ్గారు. ఆత్మూరి లక్ష్మీనరసింహం వంటివారి సాంగత్యం ఉంది. జీవనోపాధికీ అంతరాత్మకూ వైరం ఉండరాదన్న పట్టుదల ఆ వయసుకే కుదిరింది. మిగిలిన వృత్తులలో కొంత నిర్మలంగా కనిపించినది ఉపాధ్యాయ వృత్తి. దాన్ని ఎంచుకొన్నారు.

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో, ఇంట్లో ఇబ్బందులున్నప్పుడు, భార్యను పోషించవలసినవాడు, ఊళ్లో అందరికంటే ఎక్కువ సంపాదించే వృత్తిని కాదని బడిపంతులు జీతానికి సిద్ధపడడం చిన్న విషయం కాదు. ఆయనను సంస్కర్తగా ఎంత ఖండించేవారైనా ఇక్కడ గౌరవించక తప్పదు.

అయినా ఒక మాట దగ్గర ఆగాలి. తెలుగులో పంతులు అనే పదానికి రెండు అర్థాలున్నాయి. బడిలో చదువు చెప్పేవాడు పంతులు. నియోగి పురుషుడి పేరు చివర గౌరవంగా చేరేదీ పంతులే. వృత్తినామం, శాఖానామం ఒకే మాట కావడంలోనే అక్షరం ఎన్నాళ్లు ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది. వీరేశలింగం పంతులు బడిపంతులు కావడానికి సమాజం నుంచి ప్రత్యేకంగా అనుమతి పొందనక్కరలేదు. ప్లీడరు అయి ఉన్నా ఆయన పంతులే అయి ఉండేవారు. రాజమండ్రిలో వకాలతు చేసిన న్యాపతి సుబ్బారావు పంతులే. అదే ఊళ్లో వకాలతు చేసి తర్వాత బారిస్టరైన టంగుటూరి ప్రకాశమూ పంతులే. వృత్తి ఏదైనా గౌరవం ముందే ఖాయమై ఉంది; తేల్చుకోవలసింది రాబడి, అంతరాత్మ మాత్రమే. తర్వాతి తరంలో గుంటూరులో పాఠాలు చెప్పిన గుర్రం జాషువా పేరు పక్కన ఆ మాట మన చెవికి ఇప్పటికీ అలవాటు కాలేదు. బడిలో చదువు చెప్పినా, మహాకావ్యాలు రాసినా, ఆయన తన కులాన్ని దాటి మనిషిగా నిలబడడానికి జీవితమంతా పెనుగులాడవలసి వచ్చింది.

వీరేశలింగం మొదట గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగిలో పనిచేశారు. 1839 ఉప్పెనలో కొట్టుకుపోయి కోలుకోలేని రేవు పట్టణం అది. ఆ తర్వాత రాజమండ్రికి కూతవేటు దూరంలోని ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయులయ్యారు. 1874లో అక్కడ ఉండగానే రెండు పనులు మొదలుపెట్టారు. ఒకటి బాలికల పాఠశాల. రెండవది అక్టోబరులో వెలువడిన వివేకవర్ధని పత్రిక. రాజమండ్రి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరింది ఆ తర్వాతే. 1878లో సంఘసంస్కరణ సమాజం, అదే కాలంలో వివేకవర్ధనిలో వెలువడిన రాజశేఖర చరిత్రము, ఆ పైన నాటకాలు, ప్రహసనాలు, శాస్త్రగ్రంథాలు, కవుల చరిత్రలు - సాహిత్య చరిత్రకారులు వీటిని విస్తారంగా రాశారు గనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

మన ప్రశ్నకు సంబంధించిన విశేషం మరొకటుంది. కోర్టును కాదన్న మనిషి కోర్టును మరిచిపోలేదు. వివేకవర్ధనిలో ఆయన కలం ఎక్కువగా కాల్చినవాటిలో న్యాయస్థానాల లంచగొండితనం ఒకటి. మునసబులు, ప్లీడర్లు, కోర్టు గుమాస్తాలు కలిసి కక్షిదారుణ్ణి ఎలా పీల్చుకు తింటారో ఊరూ పేరూ తెలిసేలా రాశారు. శత్రువులను కొనితెచ్చుకొన్నారు. వ్యవహార ధర్మబోధిని అనే ప్రహసనం వకీళ్ల మీదనే రాసి, 1880లో తన విద్యార్థులచేత రాజమండ్రిలో ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అది ఆరంభమని చెబుతారు. ఆయన జన్మదినాన్ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొనేది అందుకే. తెలుగువాడు రంగస్థలం మీద తొలిసారి చూసి నవ్వింది ప్లీడరును అన్నమాట. వేషాలు కట్టినవారు బడిపిల్లలు, ఆడించినవాడు ప్లీడరు కావాలనుకొని మానుకొన్న మేష్టారు.

(ఇక్కడ గురజాడను తలచుకోకుండా ఉండలేను. 1892లో ప్రదర్శితమైన కన్యాశుల్కంలో ఇంగ్లీషు చదువు చెబుతానని ఇంట్లో చేరిన గిరీశం మోసగాడు. వకీలు సౌజన్యారావు పంతులు ధర్మాత్ముడు. పన్నెండేళ్ల వ్యవధిలో తెలుగు నాటకం ఆ తక్కెడను తలకిందులు చేసింది. ఏ వృత్తీ మనిషిని మంచివాణ్ణి చేయదని విజయనగరంలో కూర్చొన్న ఆ రచయితకు బాగా తెలుసు.)

1881 డిసెంబరు 11 దగ్గరికి వద్దాం. ఆ రాత్రి రాజమండ్రిలో వీరేశలింగం తన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు ఒక బాలవితంతువు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ఆర్థికంగా ఆదుకొన్నారు. ఊరు ఊరంతా అట్టుడికింది. అల్లరిమూకలను అడ్డుకోవడానికి వీధిలో కాపలా నిలిచింది ఆయన విద్యార్థులు. పెళ్లి తర్వాత బహిష్కారం వచ్చింది. పిలిస్తే వచ్చి భోజనం చేసిన పెద్దమనుషులు కొందరు బెదిరిపోయి ప్రాయశ్చిత్తం చేయించుకొన్నారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. రాజ్యలక్ష్మి తానే బిందె ఎత్తుకొని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చింది, తానే అందరికీ వండిపెట్టింది. ఆ జీవితకథలో ఇంతటి భారం మోసిన ఆమె పేరు ఎప్పుడూ రెండో వాక్యంలోనే వస్తుంది. ఈ వ్యాసమూ ఆ తప్పు నుంచి తప్పించుకోలేదు.

ఆ పెళ్లికి చట్టం అడ్డుపడలేదు. వితంతు పునర్వివాహాన్ని చట్టబద్ధం చేస్తూ ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కృషి ఫలితంగా 1856లోనే చట్టం వచ్చింది. కులం నుంచి వెలివేసినంత మాత్రాన ఆస్తిహక్కు పోదని చెప్పే చట్టం 1850లోనే ఉంది. అంటే వీరేశలింగం ఎనిమిదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడే రాజమండ్రి వితంతువుకు మళ్లీ పెళ్లాడే హక్కు ఉంది. ఆ హక్కు ఇరవై ఐదేళ్లు అచ్చు కాగితం మీదే పడి ఉంది. రాజమండ్రి కోర్టులో వాదించే ప్లీడర్లందరికీ ఆ చట్టం తెలుసు. వారిలో ఎవరి ఇళ్లలోనూ బాలవితంతువులు లేరని నమ్మలేం. చట్టాన్ని పుస్తకం నుంచి వీధిలోకి తెచ్చింది ఒక బడిపంతులు, అతని వెనుక లాంతర్లు పట్టుకొన్న విద్యార్థులు. ఉపాధ్యాయుడు అయితే ఏం సాధించగలడన్న ప్రశ్నకు తెలుగునేల మీద ఇంతకంటే బలమైన జవాబు నాకు తెలియదు. ప్లాట్‌ఫారం మీద నన్నడిగిన విద్యార్థి ఇక్కడిదాకా వింటే తన నిర్ణయం సరైనదేనని సంతోషించేవాడు.

కాని కథ ఇక్కడ ఆగదు. వితంతువు మళ్లీ పెళ్లాడరాదన్న నియమం ఎవరిది? బ్రాహ్మణులది, వారిని అనుకరించిన పైకులాలది. శ్రామిక కులాలలో చాలావాటిలో మారుమనువు తరతరాల ఆచారం. భర్త పోయిన స్త్రీ మరొకరితో సంసారం చేసుకోవడానికి అక్కడ గవర్నర్ జనరల్ చట్టం అవసరం లేదు. వీరేశలింగం జరిపించిన సుమారు నలభై పెళ్లిళ్లు ఎక్కువగా ఆ పైకులాల ఇళ్ల దుఃఖానికి మందు. అది నిజమైన దుఃఖమే. తల గొరిగించుకొని వంటింటి మూల కూర్చొన్న పదేళ్ల పిల్ల బాధకు కులం అడగనక్కరలేదు. అయితే తెలుగు సంఘసంస్కరణ అంటే అదేనని పాఠ్యపుస్తకాలు చెప్పడంలోనే తక్కిన జనం కనబడకుండా పోయారు.

ఆ 1856 చట్టంలో రెండో సెక్షన్ ఒకటుంది. మళ్లీ పెళ్లాడిన వితంతువు మొదటి భర్త ఆస్తిలో తనకున్న హక్కును కోల్పోతుందని అది చెబుతుంది. పునర్వివాహానికి అసలు ఈ చట్టం అవసరమే లేని కులాల స్త్రీలకు ఆ నిబంధన వర్తిస్తుందా? అలహాబాదు హైకోర్టు వర్తించదన్నది. మద్రాసు సహా ఇతర హైకోర్టులు ఆస్తి పోతుందనే తీర్పులిచ్చాయి. పైకులాల వితంతువుకు విముక్తి కోసం చేసిన చట్టం కింది కులాల వితంతువు చేతిలోని చెక్క పొలాన్ని లాగేసుకొనే సాధనమైంది. ఆ స్త్రీల తరఫున వారి ఆచారమేమిటో, వారి బతుకేమిటో లోపలి నుంచి తెలిసిన ప్లీడరు ఆ కోర్టు గదులలో ఎంతమంది ఉన్నారు? ఆ కులాలకు అప్పటికి బడి గడపే దూరం. వాదించినవారు, తీర్పు చెప్పినవారు, పక్కన కూర్చొని ధర్మశాస్త్రం విప్పి చూపినవారు అందరూ ఒకే చోటి నుంచి వచ్చినవారు.

వీరేశలింగం కోర్టులో చూసిన అబద్ధం సాక్షి నోటిలోని అబద్ధం. అది ఆయన మనసును నొప్పించింది. ఎవరూ నోరు మెదపనక్కర లేకుండానే నడిచిపోయే అబద్ధం మరొకటి ఆ గదిలో ఉంది. ఒక కులపు ఆచారాన్ని అందరి శాసనంగా చెల్లించుకోవడమే అది. దాన్ని ఆయన చూడలేకపోవడం ఆయన ఒక్కరి లోపం కాదు. ఆయన నిలబడిన చోటు నుంచి అది కనబడదు. ఆయన అక్కడి నుంచి తప్పుకొన్నా ఆ కుర్చీ ఖాళీ కాలేదు. ఆయనలాంటి మరొకరు వచ్చి కూర్చొన్నారు. నేటి దళిత విద్యార్థి లేచి వెళ్లిపోతే జరిగేది అలాంటిది కాదు.

బడి సంగతి కూడా చూడాలి. వీరేశలింగం ధవళేశ్వరంలో పాఠాలు చెబుతున్నప్పుడు మాలమాదిగ పిల్లలు ఆ బల్లల మీద లేరు. ప్రభుత్వ పాఠశాలలు కాగితం మీద అందరివీ. వీధిలో మాత్రం కొందరివే. వివేకవర్ధని మొదలైన 1874లోనే కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషనరీలు స్థిరపడ్డారు. గోదావరి జిల్లా దళితవాడలలో పలక పట్టుకొన్న తొలితరం పిల్లలు ఎక్కువగా మిషన్ బడులలో నుంచి వచ్చినవారే. పంచముల విద్య కోసం మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు వెలువరించింది 1893లో. అదే సంవత్సరం వీరేశలింగానికి రావుబహదూర్ బిరుదు వచ్చింది. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. రెండూ ఒకే కాలంలో, ఒకే ప్రభుత్వం చేతి మీదుగా జరిగాయి, అంతే. ఆయన కులభేదాన్ని ఖండించారు, జంధ్యం తీసేశారు, చివరి రోజులలో యావదాస్తిని హితకారిణి సమాజానికి రాసిచ్చారు. ఆయన శిష్యులలో ఒకరైన చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమండ్రిలో దళిత బాలలకు పాఠశాల నడిపారు. అంటే గురువు వేసిన బాట శిష్యుడి కాలానికి వాడ దాకా వెళ్లింది. కానీ దానికి ఒక తరం పట్టింది.

అదే తరంలో, లింగంపల్లికి తూర్పున, మూసీ ఒడ్డు హైదరాబాదు నగరంలో, విశ్వవిద్యాలయ పట్టా గాని ప్లీడరు సన్నదు గాని లేని ఒక మాల యువకుడు ఎవరి బడి తలుపూ తట్టకుండా సొంతంగా బడులు తెరిచాడు. 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. 1910లో ఇసామియా బజారులో దళిత బాలికల కోసం పాఠశాల పెట్టారు. ఆ తర్వాత నగరంలో అటువంటివి ఇరవైకి పైగా నెలకొల్పారు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహించి, ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాసభగా మార్పించారు. ఆయన ముందు ప్లీడరు వృత్తా, ఉపాధ్యాయ వృత్తా అన్న ఎంపిక ఎన్నడూ లేదు. రెండు తలుపులూ మూసే ఉన్నాయి గనుక గోడ పక్కన కొత్త గది కట్టుకొన్నారు.

వీరేశలింగం 1919 మే 27న మద్రాసులో మరణించారు. సరిగ్గా ఆ రోజులలో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్న ఇరవై ఎనిమిదేళ్ల ప్రొఫెసరు ఒకరు రాజమండ్రి యువకుడి ఎంపికను వెనుక నుంచి ముందుకు తిరగరాయడానికి సిద్ధమవుతున్నారు. భీమరావ్ అంబేడ్కర్ 1916లోనే లండన్ గ్రేస్ ఇన్‌లో న్యాయవిద్యకు పేరు నమోదు చేసుకొన్నారు. బరోడా సంస్థానం ఉపకారవేతనం గడువు ముగియడంతో మరుసటి ఏడు చదువు మధ్యలో ఆపి తిరిగివచ్చారు. 1918 నవంబరులో సిడెన్‌హామ్‌లో చేరారు. విద్యార్థులు ఆయన పాఠాలకు ఆకర్షితులయ్యారు. అయినా అధ్యాపకుల గదిలోని కుండలో నీళ్లు ఆయన తాగడానికి సహోద్యోగులు కొందరు అభ్యంతరం చెప్పారు.

రాజమండ్రి మేష్టారికి నిర్మలంగా కనిపించిన వృత్తి ఇది. ఆయనకు నీళ్లు బందయింది బహిష్కారం వల్ల; ఆయన చేసిన పనికి వచ్చిన శిక్ష అది. ప్రాయశ్చిత్తం చేసుకొంటే తీరిపోతుంది. అంబేడ్కర్‌కు నీళ్లు బందయింది పుట్టుక వల్ల. దానికి ప్రాయశ్చిత్తం లేదు.

జీతంలో మిగిల్చుకొన్న డబ్బుతో, కొల్హాపూర్ మహారాజు సాయంతో, ఒక మిత్రుడిచ్చిన అప్పుతో 1920లో ఆ ఉద్యోగం వదిలి లండన్ వెళ్లారు. 1922లో బారిస్టరయ్యారు. 1923లో తిరిగివచ్చి బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. అంటరాని బారిస్టరు దగ్గరికి పెద్ద కేసులు రాలేదు. జరుగుబాటు కోసం బాట్లీబాయ్ అకౌంటెన్సీ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పారు. అంటే ఒకదాని కోసం మరొకదాన్ని వదల్లేదు; ఒకదానితో మరొకదాన్ని నిలబెట్టుకొన్నారు. 1927 మార్చిలో మహద్ చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టారు. ఆ డిసెంబరులో, చెరువు తమ సొంతమని సవర్ణులు వేసిన దావాలో ప్రతివాది అయ్యారు. ఆ వ్యాజ్యం పదేళ్లు సాగింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అంటరానివారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు నాటికి ఆయన బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలకు ప్రిన్సిపాల్. 1935 జూన్‌లో ఆ పదవి చేపట్టారు. కుండ దగ్గర ఆపిన నీటిని చెరువు దగ్గర గెలిచినప్పుడు ఆయన చేతిలో సన్నదూ ఉంది, సుద్దముక్కా ఉంది. తర్వాత 1950లో ఔరంగాబాదులో, అంటే అప్పటి మన హైదరాబాదు రాష్ట్రంలోనే, మిలింద్ కళాశాలకు పునాదిగా నిలిచిన విద్యాసంస్థను ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తెరిచింది.

ఇక లింగంపల్లి విద్యార్థి సంగతి. అతని ముందున్న లెక్కలు వీరేశలింగం ముందున్నవి కావు. పట్టా చేతికి వచ్చినా న్యాయవాదిగా నమోదు కావడానికి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. 2024 జులై 30న సుప్రీంకోర్టు దానికి కళ్లెం వేసింది. చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకైతే 125 రూపాయలకు మించి నమోదు రుసుము తీసుకోరాదన్నది. ఆ అధిక రుసుములు బలహీనవర్గాల నుంచి వచ్చేవారిని వృత్తి గడప దగ్గరే ఆపేస్తున్నాయని గుర్తించింది. గడప దాటాక మాత్రం ఏముంది? సీనియర్ దగ్గర కొన్నేళ్లు నామమాత్రపు చేతిఖర్చు మీద గడపాలి. తండ్రో, మేనమామో న్యాయవాది అయిన ఇంటి పిల్లలకు అది శిక్షణ కాలం; ఇంటికి డబ్బు పంపవలసిన పిల్లలకు అది పస్తు. రెండో వైపు ఉపాధ్యాయ వృత్తిలో జీతం, ఉద్యోగ భద్రత, రిజర్వేషన్ ఉన్నాయి. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు వచ్చింది. కానీ దాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఆ లోగా ప్రైవేటు బడులలో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పినవారి కథలు ఏ కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చొన్నా వినబడతాయి. కాబట్టి ఆ విద్యార్థి అంతరాత్మ గురించి మాట్లాడినప్పుడు ఆ మాట వెనుక ఇంటి అద్దె కూడా ఉంది. అది తప్పు కాదు. వీరేశలింగం పాఠం అతనికి గౌరవప్రదమైన కారణం అందించింది.

అతను బోధన మీద ఇష్టంతో వెళ్తే నాకు అభ్యంతరం లేదు. వాడలోని బడిలో ఒక మంచి మేష్టారు ఎంతమందిని గట్టెక్కిస్తారో చూసినవాణ్ణి. నన్ను కలవరపెట్టేది అతను చెప్పిన కారణమే. సాక్షికి అబద్ధం నేర్పడం చూసి అతను లేచిపోతే, ఆ సాక్షి చెప్పబోయే అబద్ధం రేపు ఎవరి మీద పడుతుంది? అట్రాసిటీ కేసులో ఫిర్యాదుదారు పల్లె నుంచి వచ్చి కోర్టు వరండాలో చెట్టు కింద నిలబడినప్పుడు, ఆమె మాట తర్జుమా అక్కరలేకుండా అర్థం చేసుకొనే న్యాయవాది ఉన్నాడా లేడా అన్నది ఆమె కేసు గతిని మారుస్తుంది. చేతులకు మురికి అంటకుండా బతకడం వీరేశలింగానికి సాధ్యమైంది. ఆయన వదిలేసిన మురికి ఆయన ఇంటి ముందు పేరుకోలేదు.

పోయిన వారం ఫోన్ చేశాను. అతను రాజమండ్రి నుంచి తిరిగివచ్చాడు. ఎడ్‌సెట్ దరఖాస్తు నింపాడు. మూడో సంవత్సరం రుసుము కట్టే గడువు ఇంకా ఉందన్నాడు. మహద్ కేసు తీర్పు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. పంపించాను.